పందికొక్కు ఎలుకల కొమ్మలో పడింది, తప్పు ఎవరిది?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది. ముందు దాన్ని కుదించి చెప్తాను, మధ్యలో చదివేవాళ్ళకి తలా తోకా తెలియాలి కదా. మీరు జువాలజీ పీజీ ప్రాజెక్టు కోసం ఉప్పల్‌లో ఇళ్ళ దగ్గర, మలక్‌పేట గంజ్‌లో, ఘట్‌కేసర్ వైపు వరి పొలాల్లో పన్నెండు ఎలుకల నమూనాలు తీసుకున్నారు. వాటిలో సైటోక్రోమ్ బీ అనే ఒక్క జన్యువు చదివించి, కుందేలుని బయటి చుట్టంగా (చెట్టు మొదలు ఎటో తెలియడానికి పోలికకి పెట్టే దూరపు జంతువు) పెట్టి వంశవృక్షం గీశారు. అందులో రెండు పందికొక్కులూ వేరే కొమ్మగా నిలబడకుండా ఇంటి ఎలుకల మధ్యలోకి వచ్చాయి. ఆరో నంబరు నమూనా, మీరు 'చిన్న ఎలుక, వంటింటి దగ్గర' అని రాసుకున్నది, పొడుగాటి గీతతో కుందేలు పక్కన పడింది. మీ గైడ్ గారేమో పళ్ళు, పుర్రెలు చూసి చేసిన వర్గీకరణ వందేళ్ళుగా నిలబడింది, నీ డీఎన్‌ఏలోనే ఏదో తప్పుంది, మళ్ళీ చెయ్యి అన్నారు. పళ్ళని నమ్మాలా, డీఎన్‌ఏని నమ్మాలా అని మీ టెన్షన్.

పందికొక్కు విషయంలో మీ చెట్టు దాదాపు సరిగ్గానే ఉంది. ఆరో నంబరు అసలు ఎలుకే కాదని నా అనుమానం. ఇక పళ్ళా డీఎన్‌ఏనా అన్నదానికి జవాబు చెప్పాలంటే కొంచెం కథ చెప్పాలి. ఎలుకల డీఎన్‌ఏతో ముప్పై ఏళ్ళు కుస్తీ పట్టినవాణ్ణి, మొదలుపెడితే తొందరగా ఆపను. ఓపిక చేసుకోండి.

ఆరో నంబరు సంగతి ముందు తేల్చేద్దాం. మూతి పొడుగ్గా ముందుకి సాగి, కళ్ళు ఆవగింజల్లా ఉండి, గోడ వారగా కిచకిచమంటూ పరిగెత్తుతుంది, దగ్గరికెళ్తే కంపు కొడుతుంది. మన ఇళ్ళల్లో చుంచు అంటారే, అది. చాలామంది దాన్ని ఎలుక పిల్ల అనుకుంటారు. శాస్త్రం దృష్టిలో దానికీ ఎలుకకీ చుట్టరికం చాలా దూరం. క్షీరదాల పెద్ద చెట్టులో చుంచు ఉన్న కొమ్మ మీద గబ్బిలాలు, కుక్కలు, ఆవులు ఉంటాయి. ఎలుకలు, కుందేళ్ళు ఉన్న కొమ్మ మీద కోతులు, మనుషులు ఉంటారు. అంటే వంటింట్లో తిరిగే ఎలుకకి, దాని పక్కనే తిరిగే చుంచు కంటే గరిటె పట్టుకున్న మీరే దగ్గరి చుట్టం. మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మ 'నీ చదువు తగలెయ్య' అంది. కానీ 2001లో నేచర్ పత్రికలో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల తర్వాత ఈ విషయంలో పెద్దగా తగువు లేదు.

మీ దగ్గరున్న ఆ క్రమాన్ని, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరసని, జెన్‌బ్యాంక్ అనే డీఎన్‌ఏ భండారంలో బ్లాస్ట్ చేసి, అంటే పోలినవి వెతికి చూడండి. సుంకస్ మ్యూరినస్ అని వస్తే నా మాట నిజం. లాటిన్‌లో మ్యూరినస్ అంటే ఎలుకలాంటిది అనే అర్థం. పేరు పెట్టినవాళ్ళు కూడా పోలికనే చూశారన్నమాట.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఇంగ్లీషువాళ్ళు బాండికూట్ అంటున్నది మన పందికొక్కునే. తెలుగు మాట అలా ఓడెక్కి వెళ్ళింది. తర్వాత ఆస్ట్రేలియాలో, కంగారూలా కడుపుసంచి ఉన్న ఒక జంతువుకి కూడా అదే పేరు తగిలించారు. దానికీ మన పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. పందికొక్కులో పంది ఉంది, ఏదుపందిలో పంది ఉంది, గినీపిగ్‌లోనూ ఇంగ్లీషు పంది ఉంది. మూడింటిలో ఏదీ పంది కాదు, మూడూ ఎలుకల జాతివే. పేరు పెట్టేవాడికి గుండ్రటి ఒళ్ళు, గురగుర చాలు.

ఎలుకలు, ఉడుతలు, ఏదుపందులు, గినీపిగ్‌లు, బీవర్లు అన్నీ కలిపి రోడెంట్లు. క్షీరదాల్లో ఉన్న జాతుల్లో సుమారు 40 శాతం ఇవే, రెండు వేల మూడు నాలుగు వందలకి పైమాటే. ఇన్ని జాతుల్ని సర్దడానికి పాతవాళ్ళు పట్టుకున్న ఆధారం దవడ కండరం. 1855లో బ్రాండ్ట్ అనే శాస్త్రవేత్త నమిలే కండరం పుర్రెలో ఎటుగా వెళ్తుందో చూసి ఉడుత రకం, ఎలుక రకం, ఏదుపంది రకం అని మూడు చేశాడు. ఎప్పుడైనా ఏదుపంది పుర్రె చేతికొస్తే కంటి ముందు భాగం చూడండి, వేలు దూరేంత రంధ్రం ఉంటుంది. కండరంలో ఒక పాయ ఆ రంధ్రంలోంచి దూరి ముక్కు పక్క ఎముకకి అతుక్కుంటుంది. ఉడుతకి అలా ఉండదు, కండరం ఎముక పైనుంచి ముందుకి పాకుతుంది. చూడగానే తేడా తెలిసిపోయే లక్షణం. అందుకే అంతకాలం నిలబడింది.

డీఎన్‌ఏ వచ్చాక ఈ మూడు గదుల గోడలు కదిలాయి. బీవర్ కండరం ఉడుత రకం, చుట్టరికం మాత్రం ఎలుకల వైపు. ఎడారిలో రెండు కాళ్ళ మీద గెంతే జెర్బోవా కండరం ఏదుపంది రకం, చుట్టరికం ఎలుకల వైపే. ఆఫ్రికాలో చెట్ల మీద నుంచి గాలిలో జారే ఎనోమల్యూర్ అనే జంతువు చూడ్డానికి అచ్చం ఎగిరే ఉడుత, అదీ ఎలుకల వైపే వచ్చింది. అసలు ఎగిరే ఉడుతలేమో చెట్టు ఉడుతల కొమ్మలోంచే పుట్టాయి. గట్టి గింజలు కొరకాల్సినవాడు ఎక్కడున్నా దవడ దాన్నిబట్టే మారుతుంది. ఒకే పని చేసేవాళ్ళ చేతులకి ఒకేచోట కాయలు కాసినట్టు.

అలాగని పాతవాళ్ళని తీసిపారెయ్యకండి. ఇప్పుడు డీఎన్‌ఏ చెప్పే మూడు పెద్ద గుంపుల్లో ఒకటి ఎలుకలు, బీవర్ల వైపుది, ఒకటి ఉడుతలు, డార్మౌస్ అనే కుచ్చు తోక బుల్లి జంతువుల వైపుది, ఒకటి ఏదుపంది, గినీపిగ్‌ల వైపుది. మూలస్తంభాలు అవే ఉన్నాయి, గదుల్లో ఉన్నవాళ్ళు కొందరు మారారు, అంతే. కుందేలుకి పై ముందుపళ్ళ వెనక ఇంకో బుల్లి జత ఉంటుంది. అది చూసి దాన్ని రోడెంట్లలోంచి బయటపెట్టింది కూడా పళ్ళు చదివినవాళ్ళే. డీఎన్‌ఏ ఆ మాటే ఖాయం చేసి, కుందేళ్ళు రోడెంట్లకి అన్నిటికన్నా దగ్గరి పక్కింటివాళ్ళు అని కలిపింది. మీరు కుందేలుని బయటి చుట్టంగా పెట్టడం అందుకే తప్పు కాదు. కాకపోతే మీ పనికి అది మరీ దూరం. ఆ మాట తర్వాత చెప్తాను.

డీఎన్‌ఏ నుంచి చుట్టరికం ఎలా తెలుస్తుందో మా విద్యార్థులకి పరీక్ష పేపర్ల పోలికతో చెప్పేవాణ్ణి. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే కాపీ కొట్టారని అనలేం. ఇద్దరూ ఒకే వింత తప్పు, అదే స్పెల్లింగ్‌తో రాశారంటే పక్కపక్కన కూర్చున్నారని తెలిసిపోతుంది. డీఎన్‌ఏలోనూ అంతే. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల వరసలో అందరికీ పాతకాలం నుంచి వస్తున్న అక్షరం ఒక్కటిగా ఉండటం వల్ల ఏమీ తెలియదు. పందికొక్కు, ఇంటి ఎలుక ఇద్దరికీ ఒక చోట ఏ ఉంది, చిట్టెలుక, ఉడుత, కుందేలుకి అక్కడ జీ ఉంది అనుకోండి. ఆ మార్పు మొదటి ఇద్దరి ఉమ్మడి పూర్వీకుడిలో ఒకసారి జరిగిందనుకోవడం తేలిక. అలాంటి చోట్లు వందలు పోగుచేస్తే కొమ్మలు బయటపడతాయి.

ఇక్కడే గినీపిగ్ గొడవ చెప్పాలి. నేను ఈ రంగంలోకి వచ్చిన కొత్తల్లో అందరూ మాట్లాడుకున్నది దీని గురించే. 1991లో గ్రౌర్, హైడ్, లీ అనే ముగ్గురు కొన్ని ప్రొటీన్ల క్రమాలు పోల్చి, గినీపిగ్ అసలు రోడెంటేనా అని నేచర్‌లో ప్రశ్న వేశారు. గినీపిగ్ ఇన్సులిన్ లాంటివి మిగతా క్షీరదాలతో పోలిస్తే నిజంగానే విచిత్రంగా ఉంటాయి. 1996లో ఇంకో బృందం గినీపిగ్ మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం, దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది) డీఎన్‌ఏ మొత్తం చదివి, ఇది రోడెంట్ కాదు అని ప్రశ్నార్థకం తీసేసి మరీ చెప్పింది. చిన్న ముక్క కాదు, సుమారు 16 వేల అక్షరాలకి పైగా. అన్ని అక్షరాలు చదివినవాళ్ళు తప్పెలా అవుతారు అని నేను కూడా వాళ్ళ వైపే వాదించాను. క్యాంటీన్‌లో, గట్టిగా.

తప్పయ్యారు. ఎందుకో తెలియాలంటే మళ్ళీ పరీక్ష హాలుకి రండి. ఈసారి ఎంసెట్, ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు. ఇద్దరు కుర్రాళ్ళు ఏమీ చదవకుండా వచ్చి అన్నీ గుడ్డిగా దిద్దారు. వాళ్ళకి ఒకరికొకరు తెలియదు, ఒకరు వరంగల్, ఒకరు నల్గొండ. అయినా నాలుగు ప్రశ్నల్లో ఒకదానికి వాళ్ళ జవాబులు కలుస్తాయి. ఆ కలిసినవి లెక్కపెట్టి వీళ్ళు పక్కపక్కన కూర్చున్నారు అంటే ఎలా ఉంటుంది? డీఎన్‌ఏకీ నాలుగే ఆప్షన్లు. వేగంగా మారే వంశంలో ఒకే చోట అక్షరం మళ్ళీమళ్ళీ మారి చివరికి దాదాపు గుడ్డిగా దిద్దినట్టే తయారవుతుంది. చిట్టెలుక, ఇంటి ఎలుకల వంశం అలా వేగంగా మారేది. దూరపు బయటి చుట్టానికీ ఎంతో కాలం గడిచింది, దాని గీతా పొడుగే. ఈ రెండు పొడుగు గీతలూ ఒకదాన్నొకటి లాక్కున్నాయి. ఎలుకలు చెట్టు మొదట్లోకి జారిపోయేసరికి, నెమ్మదిగా నడిచిన గినీపిగ్ మిగతా క్షీరదాలతో మిగిలిపోయి రోడెంట్ కానట్టు కనబడింది. దీన్ని పొడుగు కొమ్మల ఆకర్షణ అంటాం. ఇలా జరగొచ్చని ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే లెక్కకట్టి చూపించాడు. చూపించినా ఆ వలలో పడనివాళ్ళు తక్కువ.

ఆ 1996 గినీపిగ్ అధ్యయనంలో రోడెంట్లు మూడే ఉన్నాయి. చిట్టెలుక, ఎలుక, గినీపిగ్. ఉడుత లేదు, ఏదుపంది లేదు, డార్మౌస్ లేదు. పెళ్ళికి ముగ్గుర్నే పిలిచి వంశం మొత్తం ఫోటో తీశామన్నట్టు. తర్వాత మధ్య చుట్టాలందరినీ పిలిచి, మైటోకాండ్రియా కాకుండా కేంద్రకంలో ఉన్న జన్యువులు చదివి, అక్షరాలు మారే వేగం అన్నిచోట్లా ఒకటి కాదని లెక్కలో పెట్టారు. గినీపిగ్ తిరిగి సొంతింటికి వచ్చేసింది. పొడుగు గీత మధ్యలో ఒక చుట్టం వచ్చి కూర్చుంటే ఆ గీత రెండు ముక్కలవుతుంది, లాగే బలం తగ్గుతుంది. నన్నడిగితే అక్షరాలు రెట్టింపు చేసే కంటే చుట్టాల్ని రెట్టింపు చెయ్యడం మేలు.

ఇంకో సాక్ష్యం కూడా గినీపిగ్ తరఫున వచ్చింది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. జన్యువుల మధ్య తమని తాము నకలు చేసుకుంటూ అక్కడక్కడా దూరిపోయే చిన్న ముక్కలు ఉంటాయి. బీ1 అనే అలాంటి ముక్క రోడెంట్లలో ఉంటుంది, గినీపిగ్‌లోనూ ఉంది, కుందేలులో లేదు. ఒక అక్షరం రెండు వంశాల్లో విడివిడిగా ఒకేలా మారడం మామూలే. ఒక ముక్క వచ్చి సరిగ్గా అదే చోట రెండుసార్లు విడివిడిగా దూరడం మహా అరుదు. అందుకే కొమ్మల మధ్య తగువు తేలనప్పుడు ఇలాంటి ముక్కలు ఎక్కడెక్కడ దూరాయో వెతుకుతారు.

సరే, మీ పందికొక్కు దగ్గరికి వద్దాం. పందికొక్కులు, వాటి పక్కన నెసోకియా అనే కన్నాలు తవ్వే ఎలుక, ఇంటి ఎలుకల రాట్టస్ ప్రజాతికి అతి దగ్గరివని ఇప్పటికే చాలామంది చూశారు. రాట్టస్ అని పేరు పెట్టి ఒక బుట్టలో వేసినవన్నీ నిజంగా ఒకే కొమ్మవి కావన్న మాట కూడా బలంగానే ఉంది. కాబట్టి మీ చెట్టులో పందికొక్కు ఎలుకల మధ్యకి రావడం వింత కాదు. మీ గైడ్ గారు చూసే పళ్ళు, పుర్రె తేడా కూడా నిజమే. పందికొక్కు పుర్రె వెడల్పు, మొరటు, నమిలే పళ్ళు పలకల్లా ఉంటాయి. అదంతా మట్టి తవ్వి, కన్నంలో వరి కంకులు కుక్కుకునే బతుకు తెచ్చిన వేషం. పొలంలో కన్నం తవ్వి చూస్తే లోపల గదిలో కంకులు ఎంత ఒద్దికగా పేర్చి ఉంటాయో రైతులకి తెలుసు. వేషం తొందరగా మారగలదు, వంశం మారదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఎకోమిస్ అనే ముళ్ళ చిట్టెలుక. నమిలే పళ్ళ మీద బొడిపెలు మూడు వరసల్లో, అచ్చం మన చిట్టెలుకలాగే ఉంటాయి కాబట్టి దాన్ని చిట్టెలుకల్లోనే పెట్టారు. 1990లలో డీఎన్‌ఏ పోల్చేసరికి జెర్బిల్స్ అనే ఇంకో రకం ఎలుకల పక్కకి వెళ్ళిపోయింది. పడమటి కనుమల్లో మిరియాల తోటల దగ్గర ఉండే ముళ్ళ చెట్టు ఎలుకని, దాని కుచ్చు తోక చూసి ఒకప్పుడు డార్మౌస్ అనేవారు. దాని వంశానిది ఎలుకల మహాకుటుంబంలో అన్నిటికన్నా ముందు విడిపోయిన కొమ్మ అని ఇప్పుడు తెలుస్తోంది.

ఉడుత వీపు మీద గీతలు చూసి చుట్టరికం కట్టినా అంతే సంగతులు. ఉడుతాభక్తికి మెచ్చి రాముడు నిమిరిన గీతలు మన ఉడుతకి ఉన్నాయి. అమెరికా చిప్‌మంక్‌కీ గీతలున్నాయి, అది నేల ఉడుతల వైపుది, మన ఉడుత ఆసియా చెట్టు ఉడుతల వైపుది. మన దేశంలోనే ఉండే పెద్ద మలబార్ ఉడుత ఈ రెండింటికీ చెందకుండా ఎప్పుడో విడిపోయి తన దారి తను చూసుకుంది. 2003, 2004లలో ఉడుతల డీఎన్‌ఏ పెద్ద ఎత్తున చదివాక ఇవన్నీ తేలాయి.

ఇంత విన్నాక డీఎన్‌ఏదే పైచెయ్యి అనుకుంటారేమో. లావోస్ కథ వినండి. అక్కడ సంతలో మాంసం అమ్మేచోట 1996లో ఒక వింత ఎలుక కనబడింది, అక్కడివాళ్ళు దాన్ని ఖాన్యూ అంటారు. 2005లో దాన్ని కొత్త జాతి, కొత్త కుటుంబం అని ప్రకటించారు. మరుసటి ఏడాది శిలాజాలు చదివే డాసన్ బృందం ఆ పుర్రె, పళ్ళు చూసి, ఇది కొత్త కుటుంబం కాదు, డయాటోమైడే అనే పాత కుటుంబం, కోటీ పది లక్షల ఏళ్ళ కిందటే అంతరించిందనుకున్నాం, బతికే ఉంది అన్నారు. డీఎన్‌ఏకి ఆ మాట చెప్పే దారి లేదు. రాయిగా మారిన ఎముకలో చదవడానికి డీఎన్‌ఏ ఎక్కడుంది? 2007లో చాలా జన్యువులు చదివి, బతికున్నవాటిలో దానికి దగ్గరి చుట్టం ఆఫ్రికాలో రాళ్ళ మధ్య ఉండే గుండీ అని, రెండూ విడిపోయి నాలుగున్నర కోట్ల ఏళ్ళకి కాస్త తక్కువ అయిందని తేల్చారు. పళ్ళు ఒక సగం చెప్పాయి, డీఎన్‌ఏ ఇంకో సగం.

మన దగ్గరే ఇంకోటి ఉంది. వికారాబాద్ వైపు నస్కల్ అనే ఊరు విన్నారా? దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి బుల్లి బుల్లి పళ్ళు అక్కడ దొరికాయి. వాటిలో భరత్‌థీరియం అనే జంతువు పళ్ళు కూడా ఉన్నాయి. దాని గుంపుకి ఎలుకలకిలాగే జీవితాంతం పెరిగే పొడుగు పళ్ళు ఉండేవి. అలాంటి ముందు పన్ను ఒక్కటే చేతిలో పెడితే రోడెంట్ అనేస్తాం. కానీ అది గోండ్వానాథీర్ అనే పూర్తిగా వేరే, ఇప్పుడు లేని గుంపు. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా రోడెంట్ శిలాజం లేదు. మొదటివి సుమారు 5.6 కోట్ల ఏళ్ళ కిందటివి. ఇక్కడ డీఎన్‌ఏ సాయం సున్నా. మన ఎండకి ఎముకలో డీఎన్‌ఏ వేల ఏళ్ళు నిలవడమే కష్టం, కోట్ల మాట వదిలెయ్యండి. పళ్ళనే ఇంకా జాగ్రత్తగా చదవాలి, పింగాణీ లోపలి అల్లిక దాకా.

కాలం లెక్కల్లోనూ ఇదే అవసరం. చిట్టెలుక, ఎలుక ఎప్పుడు విడిపోయాయని 1998లో ఒక మాలిక్యులర్ క్లాక్ (డీఎన్‌ఏ మారే వేగాన్నిబట్టి కాలం కొలిచే పద్ధతి) అధ్యయనం లెక్కగడితే సుమారు 4.1 కోట్ల ఏళ్ళు వచ్చింది. పాకిస్తాన్‌లో పోఠ్వార్ దగ్గర శివాలిక్ పొరల్లో దొరికిన పళ్ళ వరస చూస్తే ఆ విడిపోవడం సుమారు 1.2 కోట్ల ఏళ్ళ నాటిది. మూడు రెట్ల పైన తేడా! ఎలుకల డీఎన్‌ఏ వేగంగా మారుతుంది కాబట్టి మిగతా జంతువుల గడియారంతో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఇప్పుడు గడియారాన్ని కొమ్మకో వేగంతో నడవనిచ్చి, శిలాజాలతో ముల్లు సరిచేస్తారు.

ఇక మీ ప్రాజెక్టు పని. సైటోక్రోమ్ బీ మైటోకాండ్రియాలో ఉండే జన్యువు, రోడెంట్లలో సుమారు 1,140 అక్షరాలు. దగ్గరి జాతులకి చాలా మంచిది. మన అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ల్యాబ్‌లో తయారైన యూనివర్సల్ ప్రైమర్లు (ఏ జంతువులోనైనా కావలసిన డీఎన్‌ఏ ముక్కని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ తునకలు) పనిచేసేది ఈ జన్యువు ముక్క మీదే. పట్టుబడిన మాంసం, తోలు ఏ జంతువుదో తేల్చడానికి వాడతారు. గుర్తుపట్టడానికి చిన్న ముక్క చాలు. కోట్ల ఏళ్ళ లోతు చుట్టరికానికి చాలదు, ఎందుకంటే ప్రతి మూడో అక్షరం మారిమారి అరిగిపోయి ఉంటుంది. మీరు ఇంటి ఎలుకలు, పందికొక్కుల మాట మాట్లాడుతున్నారు కాబట్టి జన్యువు ఎంపిక తప్పు కాదు. బయటి చుట్టం ఎంపికే తప్పు. కుందేలుని తీసేసి చిట్టెలుకని, మిల్లార్డియా అనే మెత్తబొచ్చు పొలం ఎలుకని పెట్టండి. పక్క వీధిలో ఇంటి నంబరు వెతకడానికి ప్రపంచపటం పట్టుకెళ్ళరు కదా. జెన్‌బ్యాంక్ నుంచి నెసోకియాని, నాలుగైదు రాట్టస్ జాతుల్ని తెచ్చి చేర్చండి. తెచ్చేటప్పుడు ఒక్కో జాతికి ఒక్క నమూనాని నమ్మకండి. నల్ల ఎలుకల గుంపులో పేర్లు తారుమారైన క్రమాలు అక్కడ బోలెడు. ఆ గుంపు నిజంగానే చిక్కుముడి. మన దేశపు నల్ల ఎలుకకి 38 క్రోమోజోములు, తూర్పు ఆసియాదానికి 42. 2011లో మైటోకాండ్రియా చూసి ఆ గుంపులో ఆరు వంశాలున్నాయన్నారు, తర్వాత కేంద్రక జన్యువులు చూస్తే కొన్నిచోట్ల రెండు కథలూ కలవలేదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, అది తల్లివైపు కథ ఒక్కటే చెప్తుంది. అందుకే వీలైతే కేంద్రకం నుంచి ఐఆర్‌బీపీ గానీ ఆర్‌ఏజీ1 గానీ ఒక్క జన్యువైనా చదివించండి. బడ్జెట్ లేకపోతే పన్నెండింటికీ వద్దు, రెండు పందికొక్కులకి, రెండు ఎలుకలకి చాలు.

ఇంకో రెండు గుంటలు చూపిస్తాను, రెండింటిలోనూ నేను పడ్డవాణ్ణే. మొదటి ఏడాది ఒక ఉడుత క్రమాన్ని ప్రొటీన్‌గా మార్చి చూస్తే మధ్యలో పది చోట్ల ఆగిపోయే సంకేతాలు. నమూనా చెడిందని రెండు వారాలు మళ్ళీ పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకి కోట్ల నకళ్ళు తీసే పని) చేశాను. చివరికి చూస్తే సాఫ్ట్‌వేర్‌లో మామూలు కోడ్ పెట్టి ఉంది. మైటోకాండ్రియాలో టీజీఏ అంటే ఆగమని కాదు, ట్రిప్టోఫాన్. సెట్టింగ్ మారిస్తే క్షణంలో అన్నీ మాయం. రెండోసారి ఒక జెర్బిల్‌లో సెట్టింగ్ సరిగ్గా ఉన్నా ఆగే సంకేతాలు వచ్చాయి, క్రోమటోగ్రామ్‌లో, అంటే అక్షరానికో రంగు శిఖరంగా యంత్రం గీసే గ్రాఫ్‌లో, చాలాచోట్ల ఒక శిఖరం కింద ఇంకో శిఖరం. ఈసారి అలవాటు కొద్దీ సెట్టింగే అనుకుని వదిలేశాను. అది సెట్టింగ్ కాదు, ఎప్పుడో కేంద్రకంలోకి దూరిపోయి పాడుబడిన మైటోకాండ్రియా నకలు, నమ్ట్ అంటారు. దాంతో గీసిన చెట్టుని సెమినార్‌లో చూపించి మొహం ఎర్రబడింది. మీ పందికొక్కుల ఫైళ్ళు తెరిచి రంగు గీతలు మీ కళ్ళతో చూడండి, కంపెనీ పంపిన టెక్స్ట్ ఫైల్‌తో సరిపెట్టుకోకండి.

బూట్‌స్ట్రాప్ (ఉన్న అక్షరాల్లోంచే మళ్ళీమళ్ళీ ఏరి చెట్టు గీస్తే ఆ కొమ్మ నూటికి ఎన్నిసార్లు వస్తుందో చెప్పే అంకె) 98 వచ్చిందని రాశారు. సంతోషమే, కానీ అది ఆ అక్షరాల్లో ఆ సంకేతం నిలకడగా ఉందని మాత్రం చెప్తుంది. 1996 గినీపిగ్ చెట్టులోనూ అంకెలు గట్టిగానే ఉన్నాయి.

మీ గైడ్ గారితో వాదించకండి. నెసోకియాని చేర్చి, చిట్టెలుకని బయట పెట్టి గీసిన కొత్త చెట్టు, పందికొక్కు పుర్రె, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. పళ్ళు చదవడం వచ్చినవాళ్ళు ఇప్పుడు తక్కువైపోయారు, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుంటే మీకే లాభం. ఆయన కచ్చితంగా అడిగేది నమూనాల ఒళ్ళు, పుర్రె దాచావా అని. దాచకపోతే ఇకనుంచైనా దాచండి. కండరం ముక్క గట్టి ఇథనాల్‌లో వెయ్యండి, ఫార్మలిన్‌లో మాత్రం వద్దు. ఒక కాలేజీ మ్యూజియంలో సీసాల నిండా అరుదైన పొలం ఎలుకలు చూసి ఎగిరి గంతేశాను, అన్నీ ఫార్మలిన్‌లోనే, ఒక్కదాంట్లోంచీ పనికొచ్చే డీఎన్‌ఏ రాలేదు. ఇక ముందు పట్టేముందు మీ కాలేజీ కమిటీ, అటవీశాఖ అనుమతులు చూసుకోండి. 2022 సవరణతో వన్యప్రాణి చట్టంలో షెడ్యూళ్ళు మారాయి, ఎలుకే కదా అనుకోవద్దు. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వానాకాలంలో ఎలుకల మూత్రం నుంచి జ్వరం తెచ్చే లెప్టోస్పైరా బ్యాక్టీరియా భయం ఎక్కువ.

ఆరో నంబరు పుర్రె గానీ, కనీసం మూతి ఫోటో గానీ ఉంటే ఇక్కడ పెట్టండి. ముందుపళ్ళు పసుపు, నారింజ రంగులో ఉండి వాటి వెనక ఖాళీ జాగా ఉంటే నేను చెప్పింది తప్పు, అది ఎలుకే, మీ ట్యూబులే ఎక్కడో కలిసిపోయాయి. పళ్ళు తెల్లగా, కొక్కెంలా వంగి, వెనక ఖాళీ లేకుండా సన్న పళ్ళు వరసగా ఉంటే చుంచు.